కొసరు

మా వీధి పేరు కాటా వీధి.
కాటా పోయి అరవై ఏళ్ళు.
ఎడెల్మీరా చేపల కొట్లో ఒక బ్యాటరీ తూకం ఉంది,
ఎర్ర అంకెలు చూపిస్తుంది, అంతే.

నలభై ఆరో నంబరు ఇంటి గోడలో
మోకాలెత్తున ఒక ఇనుప కడియం.
పడవల్ని కట్టేవారట దానికి,
అలలు ఈ గడపల్ని తడిపే కాలంలో.
తర్వాత సముద్రంలో మట్టి పోసి,
మట్టి మీద బ్యాంకులు కట్టి,
నీళ్ళని మూడు వీధుల అవతలికి నెట్టారు.
ఇప్పుడు రోజూ సాయంత్రం నోల్బెర్తో
తన కుంటి కుక్కను దానికి కట్టి
రొట్టెకు వెళ్తాడు.

వల్పరైసో కొండల మీది ఇళ్ళన్నీ
ముందువాళ్ళ భుజాల మీంచి మెడ సాచి
ఓడల్ని చూస్తాయి.
మేం కింద ఉన్నాం.
మాకు ఓడలు వాసనతోనే తెలిసేవి:
తోళ్ళు, తడిసిన గోనె, సురేకారం,
ఒకసారి వారం పొడుగునా దాల్చినచెక్క.
జెనోవా కిరాణావాళ్ళు, హాంబర్గ్ గుమాస్తాలు,
లివర్‌పూల్ నుంచి వచ్చి
లివర్‌పూల్‌కి ఒక్క ఉత్తరమూ రాయని నావికులు.
ఈ వీధిలో ఏడు భాషల్లో అప్పులుండేవి.

తాత ఎలెయుతేరియో తూకందారు.
నిక్కచ్చి మనిషి.
ముల్లు నిలబడేదాకా
ఊపిరి బిగబట్టేవాడని చెప్పుకునేవారు.
ఆయన లెక్కలో వీధి రెండుసార్లు కూలింది.
మొదటిది భూకంపం. అందరూ విన్నారు.
ఎనిమిదేళ్ళకి, ఎక్కడో పనామాలో
నేలను కోసి రెండు సముద్రాల్ని కలిపారు,
ఇక్కడ ఒక పింగాణీ కప్పు కూడా కదల్లేదు.
రెండూ ఆగస్టు నెలలోనే.
ఆ తర్వాత ఓడలు అటునుంచి అటే.

బస్తా రాని రోజులొచ్చాయి. నెలలొచ్చాయి.
కాటాకి తుప్పు పట్టకూడదని
తాత వీధిలో పిల్లల్ని తూచడం మొదలెట్టాడు.
ఆ చిట్టా నా దగ్గరుంది.
సరుకు: చాకలి బెర్సాబే రెండో పిల్ల.
బరువు: పంతొమ్మిది కిలోలు.
చేరాల్సిన రేవు: ఏమీ రాయలేదు.
దాని కిందే, సరుకు: మా ఓత్తిలియా.
అది మా అమ్మ.

ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు, ముప్ఫై మూడు.
వీధంతా ఉల్లిపాయ నీళ్ళతో బతికిన ఏళ్ళు.
చిట్టాలో మాత్రం ఏ పిల్లా తగ్గలేదు.
కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న గీత.
ఆ గీత ఏమిటని అమ్మని అడిగాను.
“కొసరు,” అంది.
“కాలి బొటనవేలితో పళ్ళేన్ని నొక్కేవాడు.
మాకు కనిపిస్తూనే ఉండేది.
మేం ఎవ్వరికీ చెప్పలేదు.”

గిడ్డంగి స్థలంలో ఇప్పుడు కార్లు ఆపుతారు.
చీటీలు చించేది నేనే.
రాత్రంతా క్రేన్లు ఇనుపపెట్టెల్ని ఎత్తి దించుతాయి,
లోపలేముందో ఏ ముక్కుకీ అందదు.
విహార నౌక వచ్చిన రోజు
గైడు కడియం దగ్గర ఆగి
సముద్రపు దొంగల్ని దీనికే కట్టి కొట్టారంటాడు.
నోల్బెర్తో పక్కన నిలబడి
అవునవునని తలూపుతాడు, నాణెం కోసం.
నేను మాట్లాడను.
రొట్టె ధర నాకూ తెలుసు.

అరకిలో మెర్లుసా చేప అడిగితే
ఎడెల్మీరా ఎర్ర అంకె ఆగేదాకా చూసి,
డబ్బు తీసుకుని,
అప్పుడొక తలకాయ సంచిలో పడేస్తుంది,
పులుసుకి.
ఆ తలకాయ ఏ లెక్కలోనూ ఉండదు.

పోయిన శీతాకాలం ఆసుపత్రిలో
తొంభై దాటిన అమ్మని
ఇద్దరు పట్టుకుని తూకం మీద నిలబెట్టారు.
ఇంకా తగ్గితే ఇంటికి పంపమన్నారు డాక్టరు.
నర్సు కళ్ళజోడు వెతుక్కుంటోంది.
నా బూటు కొన
దానంతటదే ముందుకు జరిగింది.

అమ్మ కిందికి చూసింది.
ఎవ్వరికీ చెప్పలేదు.